కొత్త ఇంటి ధరలో కనపడని బిల్లు

పోయిన నెల మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, రెండు కొత్త ఇళ్ళు చూశాం. సైజు ఒకటే, బెడ్‌రూములు ఒకటే. ఒకటి 4,75,000, రెండోది 4,55,000. ఆరు మైళ్ళు అవతలకి వెళ్తే 20 వేలు మిగులుతుంటే ఇంకా ఆలోచన దేనికి?" అంది. రెండో ఇంటికి ప్రాపర్టీ ట్యాక్స్ రేటు ఎంతో అడిగావా అన్నాను. సేల్స్ ఆఫీసులో ఇచ్చిన కాగితం ఫోటో పంపింది. అందులో నెలకు కట్టాల్సిన మొత్తం అని ఒక అంకె ఉంది. కింద సన్నటి అక్షరాల్లో, ఇందులో మడ్ ట్యాక్స్ కలపలేదని ఉంది. బిల్డర్ పేరు ఎందుకులెండి, ఆ కాగితం అందరి దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది.

ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మొదటి ఇల్లు సిటీ హద్దులో ఉంది. సిటీ ట్యాక్స్ వంద డాలర్లకు 45 సెంట్లు. రెండోది సిటీ బయట. అక్కడ సిటీ ట్యాక్స్ లేదు కానీ మడ్ ట్యాక్స్ వంద డాలర్లకు 95 సెంట్లు. అంటే మొదటి ఇంటికి ఏడాదికి 2,137 డాలర్లు, రెండో ఇంటికి 4,322 డాలర్లు. తేడా నెలకు 182. ధరలో తగ్గిన 20 వేలకు 30 ఏళ్ళ లోన్, 6.5 శాతం వడ్డీ మీద నెలకు మిగిలేది 126. ధర తక్కువ కాబట్టి స్కూల్, కౌంటీ పన్నుల్లో ఇంకో పాతిక డాలర్లు కలిసివస్తాయి. అవన్నీ ఇచ్చేసినా, చవక ఇల్లే నెలకు 30 డాలర్లు ఎక్కువ.

"మరి మొదటి ఇంట్లో ఈ ఖర్చు లేదా?" అని మా చెల్లెలు అడిగింది. ఉంది. కాకపోతే అది ధరలోనే కలిసిపోయింది. ఆ సిటీ ఫీజుల పట్టిక తీసి చూస్తే నీళ్ళకు, మురుగుకు, రోడ్డుకు కలిపి ఒక్కో కొత్త ఇంటికి 12 వేల డాలర్ల పైచిలుకు. బిల్డర్ పర్మిట్ తీసుకునేటప్పుడే సిటీకి కట్టేస్తాడు. క్లోజింగ్ కాగితాల్లో దానికి విడిగా ఒక లైను ఉండదు. గ్రానైట్ కౌంటర్‌టాప్‌కి ఎంతో, ఎక్స్‌ట్రా గరాజ్‌కి ఎంతో సేల్స్‌వాళ్ళు పైసలతో సహా చెబుతారు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. ఆ 12 వేలు లోన్‌లో కలిస్తే నెలకు 76 డాలర్లు, 30 ఏళ్ళు నిండేసరికి 27 వేలకు పైగా.

దీన్నే ఇంపాక్ట్ ఫీజు అంటారు. కొత్త ఇల్లు ఊరి మీద వేసే భారానికి ముందుగా కట్టే రుసుము. డల్లాస్ ఉత్తరాన మన వాళ్ళు ఎక్కువగా స్థిరపడిన ఊళ్ళు ఎలా పెరిగాయో చూస్తే ఈ ఫీజు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కోలో ఉన్నది సుమారు 33 వేల మంది. 2020కి 2 లక్షలు దాటారు. ప్రాస్పర్ 2010లో 9 వేల చిల్లర, పదేళ్ళకు 30 వేలు. మొక్కజొన్న పొలం ఉన్నచోట రెండేళ్ళలో వెయ్యి ఇళ్ళు లేస్తే, వాటికి నీళ్ళు తెచ్చే గొట్టం, మురుగు శుద్ధి చేసే ప్లాంటు, రెండు వరుసల రోడ్డును ఆరు వరుసలు చేసే ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి. పాత నివాసులు పన్నుల ద్వారానా? కొత్తవాళ్ళు ఇంటి ధర ద్వారానా? లేక కొత్తవాళ్ళే ముప్పై ఏళ్ళ పాటు మడ్ ట్యాక్స్ ద్వారానా? ఉన్న దారులు ముఖ్యంగా ఈ మూడే.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఫీజు అంటే కౌన్సిల్ వాళ్ళు గాలిలోంచి తీసిన అంకె అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. టెక్సాస్‌లో అలా కుదరదు. ఇంపాక్ట్ ఫీజుల కోసం ప్రత్యేకంగా చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే, 1987లో. లోకల్ గవర్నమెంట్ కోడ్‌లో 395వ అధ్యాయం. సిటీ వెబ్‌సైట్లో ఫీజు రిపోర్టు దొరుకుతుంది. వంద పేజీల పైన ఉంటుంది కానీ చదవలేనంత కష్టం కాదు, ఇంటర్ లెక్కలు వస్తే చాలు.

ముందు సిటీ వచ్చే పదేళ్ళలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఆఫీసులు వస్తాయో అంచనా వేయాలి. ఆ పెరుగుదలకు ఏ గొట్టాలు, ఏ రోడ్లు కావాలో జాబితా రాయాలి. ఆ జాబితాలో పెట్టగలిగేవి కూడా చట్టం చెప్పినవే: నీళ్ళు, మురుగు, వాననీటి డ్రైనేజీ, రోడ్లు. లైబ్రరీ, ఫైర్ స్టేషన్, పోలీసు భవనం ఇందులో రావు. పాత గొట్టాల రిపేరు, రోజువారీ నిర్వహణ కూడా రావు. పాత కాలనీలో పగిలిన పైపు ఖర్చు కొత్త ఇంటి మీద వేయకూడదన్నమాట. ఈ ఒక్క నిబంధన కోసమైనా ఆ జాబితా చూడాలి. పాత లోటును కొత్త అవసరంగా రాయాలనే ఆశ ఏ ఊరికైనా ఉంటుంది.

ఆ తర్వాత భాగహారం. ఉదాహరణకు ఒక ఊహా నగరం తీసుకుందాం. పదేళ్ళలో నీటి పనులకు 6 కోట్ల డాలర్లు, వచ్చే ఇళ్ళు 12 వేలు. ఒక్కో ఇంటికి 5,000 డాలర్లు. ఇక్కడ చట్టం ఇంకో మాట అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కూడా రేపటి నుంచి ప్రాపర్టీ ట్యాక్స్, వాటర్ బిల్లు కడతారు కదా, అందులో కొంత ఇదే ప్లాంటు అప్పుకు పోతుంది కదా. ఒకే ప్లాంటుకు రెండుసార్లు కట్టించుకోకుండా ఆ మేరకు తగ్గించాలి. ఎంత తగ్గాలో విడిగా లెక్క కట్టుకోవచ్చు, లేదా మొత్తం ఖర్చులో సగం కొట్టేయవచ్చు. సగం కొట్టేస్తే మన ఊహా నగరంలో గరిష్ఠ ఫీజు 2,500. అంతకు మించి వేయకూడదు, తక్కువ మాత్రం వేయవచ్చు. చాలా కౌన్సిళ్ళు తక్కువే వేస్తాయి. పక్క ఊరి ఫీజు చూసుకుంటాయి, బిల్డర్లు అటు పోతారని భయం.

ఈ లెక్కలో అసలు కీలకం మొదటి అంచనాలోనే ఉంది. 12 వేల ఇళ్ళు వస్తాయన్న చోట 20 వేలు వస్తాయని రాస్తే ఫీజు 5,000 నుంచి 3,000కు పడిపోతుంది, బిల్డర్లు సంతోషిస్తారు. తీరా 12 వేలే వస్తే మిగతా ఖర్చు పాత, కొత్త తేడా లేకుండా అందరి వాటర్ బిల్లులోకి వస్తుంది. ఇళ్ళను తక్కువ చేసి రాస్తే ఫీజు పెరుగుతుంది, కొత్తవాళ్ళు ఎక్కువ కడతారు. రిపోర్టులో రంగురంగుల మ్యాపులు చాలా ఉంటాయి. వాటికంటే ఈ ఒక్క పట్టిక ముఖ్యం. ఈ అంచనాలను కనీసం ఐదేళ్ళకోసారి మళ్ళీ చూడాలని చట్టం. కట్టిన ఫీజు పదేళ్ళలోపు ఖర్చు పెట్టకపోతే ఆ ఆస్తి యజమాని తిరిగి అడగవచ్చు.

రోడ్ల లెక్క ఇంకో రకం. సాయంత్రం ఆఫీసులు వదిలే రద్దీ గంటలో ఒక ఇంటి నుంచి ఎన్ని కార్లు కదులుతాయి, ఎంత దూరం పోతాయి అన్నది కొలత. మామూలు విడి ఇంటికి ఆ గంటలో దాదాపు ఒక ప్రయాణం, రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంటులో ఒక్కో ఫ్లాటుకు దాదాపు సగం. అందుకే అపార్ట్‌మెంటుకు రోడ్డు ఫీజు తక్కువ. అపార్ట్‌మెంట్లు వస్తే ట్రాఫిక్ పెరుగుతుందని మన వాట్సాప్ గ్రూపుల్లో గోల చేసేవాళ్ళు ఈ పట్టిక ఒకసారి చూడాలి. ఒక్కో కుటుంబం లెక్కన చూస్తే రోడ్డు మీద ఎక్కువ కార్లు తిప్పేది మన విడి ఇళ్ళే. రోడ్డు ఫీజు ఎక్కడ వసూలు చేస్తే ఆ చుట్టుపక్కలే ఖర్చు పెట్టాలన్న షరతు కూడా ఉంది. ఒక సర్వీస్ ఏరియా ఆరు మైళ్ళు దాటకూడదు.

హియరింగ్‌లో చప్పట్లు

మా ఊళ్ళో ఈ ఫీజు పెంచడానికి పెట్టిన పబ్లిక్ హియరింగ్‌కి ఒక మంగళవారం సాయంత్రం వెళ్ళాను. పిల్లలకు అన్నాలు పెట్టి, మావారికి అప్పజెప్పి వెళ్ళేసరికి మొదలైపోయింది. హాల్లో పట్టుమని పదిహేను మంది లేరు. ముందు వరుసలో బిల్డర్ల తరఫు ఇద్దరు, ఫైళ్ళతో. ఫీజు విషయంలో కౌన్సిల్‌కి సలహా ఇచ్చే కమిటీ ఒకటి ఉండాలని చట్టం. అందులో రియల్ ఎస్టేట్, బిల్డింగ్ రంగం వాళ్ళు తగినంత మంది ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. అందులో తప్పేమీ లేదు, డబ్బు కట్టేది వాళ్ళే కదా, ముందుగానైనా. కానీ చివరికి కట్టే మా చెల్లెలు లాంటి వాళ్ళకు ఆ కమిటీలో కుర్చీ ఉండాలని ఎవరూ రాయలేదు. ఇంకా ఊళ్ళోకి రానివాళ్ళకు కుర్చీ ఎలా వేస్తారన్నదీ నిజమే.

ఒక పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి, మేం ముప్పై ఏళ్ళుగా ఇక్కడ ఉన్నాం, వచ్చేవాళ్ళ ఖర్చు వచ్చేవాళ్ళే పెట్టుకోవాలి, ఫీజు గరిష్ఠానికి పెంచండి అన్నాడు. వెనక నుంచి చప్పట్లు. నా చేతులు కూడా లేచాయి. మధ్యలో ఆగాయి. ఏడేళ్ళ క్రితం వచ్చేవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు ఇక్కడి ఫీజు ఇప్పటిదాంట్లో సగం కూడా లేదు. మేం వచ్చాక కట్టిన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మేమూ తాగుతున్నాం. ఆ ట్యాంకుకు మా ఇల్లు కట్టినదెంతో లెక్క తీస్తే నాకు చప్పట్లు కొట్టే మొహం ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది, హాల్లో ఎవరూ ఎత్తలేదు. కొత్త ఇళ్ళ మీద ఫీజు పెరిగితే కొత్త ఇల్లు ఖరీదవుతుంది. కొత్త ఇల్లు ఖరీదైతే దాని పక్కన మా పాత ఇల్లు కూడా ఖరీదవుతుంది. అంటే ఫీజు పెంచమని అడుగుతున్న పాతవాళ్ళం రెండు వైపులా లాభపడుతున్నాం: ట్యాక్స్ పెరగదు, ఇంటి విలువ పెరుగుతుంది. ఓటు ఉన్నది కూడా మనకే. మనకే అంటే సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళకు. హెచ్-1 మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు కొత్త ఇళ్ళు ఎక్కువగా కొంటున్నారు, ఫీజు వాళ్ళే మోస్తున్నారు, కౌన్సిల్ ఎన్నికలో ఓటు లేదు. కానీ హియరింగ్‌లో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. పేరు రాసి ఇస్తే మూడు నిమిషాలు మైకు ఇస్తారు. వీసా ఏమిటని ఎవరూ అడగలేదు. ఈ విషయం తెలియక ఇంట్లో కూర్చునే కుటుంబాలు మన కమ్యూనిటీలో ఎన్నో.

ఫ్రీమాంట్‌లో లక్షన్నర

టెక్సాస్ ఫీజులు విని కాలిఫోర్నియా వాళ్ళు నవ్వుతారు. బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన టెర్నర్ సెంటర్ 2018లో ఏడు కాలిఫోర్నియా నగరాల ఫీజులను లెక్కకట్టింది. మన వాళ్ళు బాగా ఉన్న ఫ్రీమాంట్‌లో ఒక విడి ఇంటికి అన్ని ఫీజులూ కలిపి దాదాపు 1,57,000 డాలర్లు తేలింది. ఊరిని బట్టి ఇంటి మధ్యస్థ ధరలో 6 నుంచి 18 శాతం దాకా ఫీజులే. అదే రిపోర్టులో నాకు ఎక్కువ గుర్తుండిపోయింది వేరే విషయం: పర్మిట్‌కు వెళ్ళకముందే మొత్తం ఫీజు ఎంతో తెలుసుకోవడం చాలా కష్టమైందట, కొన్నిచోట్ల ఏ ఒక్క ఆఫీసూ మొత్తం చెప్పలేకపోయిందట. 2019లో చేసిన చట్టం వల్ల ఇప్పుడు ఫీజు పట్టికలు సిటీ వెబ్‌సైట్లో పెట్టాలి.

అక్కడ ఇంత ఎందుకంటే 1978 నాటి ప్రపోజిషన్ 13 గుర్తుచేసుకోవాలి. ప్రాపర్టీ ట్యాక్స్ కొన్న విలువలో ఒక శాతం, ఆ విలువ ఏడాదికి రెండు శాతం మించి పెరగకూడదు. నలభై ఏళ్ళ క్రితం కొన్నవాళ్ళు ఆనాటి విలువ మీదే కడుతుంటారు. పన్ను పెంచే దారి మూసుకుపోయాక నగరాలు ఇంకా పుట్టని ఇంటి వైపు చూశాయి. పుట్టని ఇంటికి ఓటు లేదు కదా. టెక్సాస్‌లో పాతవాళ్ళూ ప్రతి ఏటా మార్కెట్ విలువకు దగ్గరగా పన్ను కడతారు, మన ఏడుపు మనకుంది, కానీ అందువల్లే ఇక్కడ ఫీజు వేలల్లో ఆగింది. పన్నులు తక్కువని సంతోషించే ఏ ఊళ్ళోనైనా ఆ లోటు ఇంకో పేరుతో ఎవరి మీదో పడుతూ ఉంటుంది.

ఆ కాలిఫోర్నియాలోనే జార్జ్ షీట్జ్ అనే ఆయన ఎల్ డొరాడో కౌంటీలో తన సొంత స్థలంలో ఫ్యాక్టరీలో తయారైన చిన్న ఇల్లు తెచ్చి పెట్టుకుందామనుకున్నాడు. ట్రాఫిక్ ఫీజు 23,420 డాలర్లు కట్టమన్నారు. ఆయన ఇంటి వల్ల ఎన్ని కార్లు పెరుగుతాయో ఎవరూ లెక్కవేయలేదు, పట్టికలో ఆ ప్రాంతానికి, ఆ రకం ఇంటికి రాసిన అంకె అది. కట్టి, కోర్టుకు వెళ్ళాడు. 2024 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలూ ఒకే మాటగా, కౌన్సిల్ చట్టం చేసి వేసిన ఫీజు అయినంత మాత్రాన రాజ్యాంగ పరీక్ష తప్పదని తీర్పు ఇచ్చారు. తీర్పు రాసింది జస్టిస్ ఏమీ కోనీ బారెట్.

ఆ పరీక్ష పాత కేసుల నుంచి వచ్చింది. 1987 నాటి నోలన్ కేసు: అడిగేదానికి, కట్టేదాని వల్ల వచ్చే ఇబ్బందికి సంబంధం ఉండాలి. 1994 నాటి డోలన్ కేసు: ఆ ఇబ్బందికి తగ్గ కొలతలోనే అడగాలి. బీఎస్సీలో మా కెమిస్ట్రీ మేడం ల్యాబ్ రికార్డు చూసి అడిగేవి కూడా ఈ రెండే: దీనివల్లే అది జరిగిందని ఎలా తెలుసు, ఎంత వేస్తే ఎంత వచ్చింది. కాకపోతే ఒక చిక్కు మిగిలింది. ఇల్లిల్లూ విడిగా కొలవాలా, లేక ఈ రకం ఇళ్ళన్నిటికీ సగటు తీసి పట్టిక వేస్తే సరిపోతుందా అన్నది సుప్రీంకోర్టు ఆ తీర్పులో తేల్చలేదు. షీట్జ్ గారి ఫీజు న్యాయమైనదా కాదా అన్నదీ కింది కోర్టుకే వదిలేసింది. ఇల్లిల్లూ కొలిస్తే ఆ కొలతల ఖర్చే ఫీజును మించుతుంది. పట్టిక వేస్తే చిన్న ఇల్లు నష్టపోతుంది. నా మటుకు పట్టికే ఉండాలి, కానీ గడులు ఎక్కువ ఉండాలి.

ఇంగ్లండ్‌లో ఉన్న మన పాఠకులకు ఒక్క మాట. మీ దగ్గర కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ చదరపు మీటరు లెక్కన ఉంటుంది. సొంతంగా ఉండటానికి ఇల్లు కట్టుకునేవాళ్ళకు మినహాయింపు ఉంది, కానీ పని మొదలుపెట్టక ముందే దరఖాస్తు చేయాలి. పునాది తవ్వాక గుర్తొస్తే లాభం లేదు.

మన ప్లాట్ల సంగతి

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు ఉన్న ప్రతి ఎన్నారై కుటుంబానికీ ఎల్ఆర్ఎస్ తెలుసు. 2020 ఆగస్టు 26 లోపు రిజిస్టరైన అనధికార లేఅవుట్ ప్లాట్లకు వెయ్యి రూపాయలు కట్టి అప్లై చేసుకోమన్నారు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ. ఏళ్ళ తరబడి ఆ దరఖాస్తులు అలాగే ఉండి, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కట్టమన్నారు. మా నాన్నగారు కూడా అప్పట్లో అప్లై చేసి, రసీదు నాకు వాట్సాప్‌లో పంపి భద్రంగా ఉంచమన్నారు. ఇంకా ఉంది.

సూత్రం చూస్తే అదే. రోడ్డు, డ్రైనేజీ, పార్కు లేకుండా పొలాన్ని ముక్కలు చేసి అమ్మేశారు. ఆ ఖర్చు ఎవరో భరించాలి. తేడా ఎక్కడంటే టెక్సాస్‌లో ఇల్లు లేవకముందే బిల్డర్ దగ్గర తీసుకుంటారు, అక్కడ లేఅవుట్ వేసినాయన లాభం తీసుకుని వెళ్ళిపోయాక కొన్న మధ్యతరగతి మనిషి దగ్గర తీసుకుంటారు. మనం టెక్సాస్‌లో నేర్చుకున్నది అక్కడ ప్లాటు కొనేటప్పుడు అడగాలి: ఈ లేఅవుట్‌కి డెవలప్‌మెంట్ చార్జీలు ఎవరు కట్టారు, రసీదు చూపించండి. హెచ్ఎండీఏ అప్రూవ్డ్ అన్న బోర్డు చూసి సరిపెట్టుకోకుండా, అప్రూవల్ నంబరు అడిగి, దాన్ని ఆఫీసు రికార్డుతో సరిచూసుకోవాలి.

ఎవరు కడుతున్నట్టు?

బిల్డర్ కట్టాడు, కొన్నవాళ్ళ మీద వేశాడు అన్నాను. పూర్తిగా అలాగే జరగదు. కొనేవాళ్ళు పక్క ఊరికి వెళ్ళగలిగితే బిల్డర్ ధర మొత్తం పెంచలేడు. అప్పుడు పొలం యజమానికి ఇచ్చే రేటు తగ్గిస్తాడు. ఫీజు పెరుగుతుందని ముందే తెలిస్తే ఆ భారంలో కొంత భూమి ధరలోకి దిగుతుంది. హఠాత్తుగా పెంచితే, భూమి అప్పటికే కొనేసి ఉంటాడు కాబట్టి, బిల్డర్ లాభంలోంచో మన జేబులోంచో పోవాలి. ఇళ్ళకు గిరాకీ మండుతున్న ఏడాదిలో అది మన జేబే. అందుకని నేను ఫీజు పెంపు కంటే పెంపు పద్ధతిని ఎక్కువ చూస్తాను. మూడేళ్ళలో మెట్లు మెట్లుగా పెంచుతామని ముందే చెబితే పొలం అమ్మేవాళ్ళ మీద కూడా భారం పడుతుంది. ఏళ్ళ తరబడి పెంచకుండా నిద్రపోయి ఒక్కసారి రెట్టింపు చేస్తే ఆ ఏడాది కొనేవాళ్ళ ఖర్మ.

ఫీజు అసలు వద్దనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఫీజు లేనిచోట ఖర్చు మాయం కాదు, మడ్‌గానో పిడ్‌గానో వస్తుంది. మడ్‌లో డెవలపర్ ముందుగా పెట్టిన గొట్టాల ఖర్చును బాండ్లు అమ్మి తిరిగి ఇస్తారు, ఆ బాండ్లను మన పన్ను తీరుస్తుంది. ఇళ్ళు నిండేకొద్దీ రేటు తగ్గవచ్చు, కొత్త బాండ్లు అమ్మితే తగ్గకపోవచ్చు. లోన్ వాయిదా ముప్పై ఏళ్ళూ కదలదు, ఈ పన్ను మాత్రం ఇంటి విలువ పెరిగేకొద్దీ పెరుగుతుంది. పిడ్ అయితే స్థలం మీద వేసిన అసెస్‌మెంట్, ఎన్నేళ్ళు, ఎంత బాకీ అన్నది కాగితం మీద ఉంటుంది. టెక్సాస్‌లో ఈ రెండిటికీ కొనేవాళ్ళకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పిడ్ నోటీసు కాంట్రాక్టుకు కట్టుబడక ముందే ఇవ్వాలని 2021లో చట్టాన్ని గట్టి చేశారు. సంతకాల కట్టలో పదిహేనో కాగితంగా కాకుండా, ఆ నోటీసు ఒక్కటీ ఇంటికి తెచ్చుకుని చదవండి.

నాకు నచ్చనిది వేరే. నీటి ఫీజు మా ఊళ్ళో మీటరు సైజు మీద ఉంది. 1,500 చదరపు అడుగుల ఇంటికీ, 4,500 చదరపు అడుగుల ఇంటికీ సాధారణంగా ఒకే సైజు మీటరు, కాబట్టి ఒకే ఫీజు. కానీ నీటి ప్లాంటు ఎంత పెద్దది కట్టాలన్నది ఏడాది సగటు మీద ఉండదు, వేసవిలో అందరూ ఒకేసారి వాడే రోజు మీద ఉంటుంది. ఆగస్టులో ఆ రోజును పెంచేది వంటగది కాదు, లాన్ స్ప్రింక్లర్లు. అర ఎకరం పచ్చిక ఉన్న ఇల్లు, నాలుగు కుండీలున్న టౌన్‌హోమ్ ప్లాంటు మీద ఒకే బరువు వేస్తాయని ఏ లెక్కా ఒప్పుకోదు. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం ప్రకారం కొత్త ఫీజు అధ్యయనాల్లో ఇళ్ళకు చదరపు అడుగుల ప్రకారం లెక్క కట్టాలి, లేదంటే ఎందుకు కుదరదో రాసి ఇవ్వాలి. 750 చదరపు అడుగుల లోపు గ్రానీ ఫ్లాటుకైతే అక్కడ ఇంపాక్ట్ ఫీజు లేనే లేదు, అమ్మానాన్నల కోసం పెరట్లో గది కట్టాలనుకునే మన వాళ్ళకు పనికొచ్చే మాట.

హియరింగ్‌లో నా మూడు నిమిషాల్లో అడిగింది ఇదే. చదరపు అడుగులు కాకపోతే స్థలం సైజు ప్రకారం రెండు మూడు గడులు చేయవచ్చు కదా అని. సిటీ ఇంజినీరు మర్యాదగానే చెప్పాడు: మీటరు సైజు పట్టుకుంటే కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకు లెక్క తేలిక, గొడవ ఉండదు, ఈ రిపోర్టు ఆ పద్ధతిలోనే తయారైంది, తర్వాతి అధ్యయనంలో పరిశీలించవచ్చు. కౌన్సిల్ గరిష్ఠంలో ముప్పాతిక వంతుకు పెంచుతూ ఓటు వేసింది, రెండు విడతలుగా. రెండో విడత వచ్చే జనవరిలో.

మా చెల్లెలు వాళ్ళు మొదటి ఇంటికే అడ్వాన్స్ ఇచ్చారు. ఆ ఇంటి పర్మిట్ ఇప్పటికే తీసుకున్నారు కాబట్టి పాత ఫీజే పడింది. వాళ్ళ వెనక ఖాళీ స్థలంలో వచ్చే ఇళ్ళకు కొత్త ఫీజు పడుతుంది. "అయితే మన ఇంటి విలువ కూడా పెరుగుతుందిగా అక్కా" అని నవ్వింది మా చెల్లెలు. ఇంకా తాళాలు చేతికి రాలేదు, అప్పుడే పాతకాపు అయిపోయింది.